చుక్క నీరు రాని పడవ

ఫిబ్రవరి 9, ఆదివారం

పడవ వచ్చింది.

ట్రాక్టర్ ట్రాలీ మీద బోర్లా పడుకోబెట్టి తెచ్చారు. ఏళ్ళ తరబడి కోళ్ళఫారం వెనక అలాగే బోర్లించి ఉంది, దాని కింద కోళ్ళు దర్జాగా కాపురం పెట్టాయి. నలుగురు పట్టి దొడ్లో దించి వెల్లకిలా తిప్పేసరికి లోపలంతా రెట్టలు, ఈకలు, బల్ల కింద మూలలో ఒక గుడ్డు. "పడవ కొంటే గుడ్డు ఫ్రీ అమ్మా" అన్నాడు ట్రాక్టర్ డ్రైవర్. పడీ పడీ నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో. మా ఆయన కూడా నవ్వారేమోనని కిటికీ వైపు చూశాను. కుర్చీలో అటు తిరిగి కూర్చుని ఉన్నారు.

చెక్క మంచిదే. కాకపోతే ఎండి ఎండి పలకల మధ్య సందులు విచ్చుకున్నాయి. ఈ పక్క నుంచి కన్ను పెట్టి చూస్తే ఆ పక్క గోడ కనిపిస్తోంది. పోతేనేం, బాగు చేయిస్తాను. ఇంజిన్ పెట్టిస్తాను, కొత్త బల్లలు వేయిస్తాను, రంగు కొట్టిస్తాను. మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్తే మనిషి మామూలు అవుతారు. మనిషి మామూలైతే మాట అదే వస్తుంది.

ఫిబ్రవరి 10

జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. అందులో రాస్తున్నాను. ఇంట్లో మనిషి లేక కాదు. మనిషి ఉన్నారు, మాటే లేదు. నాకేమో మాట్లాడకపోతే అన్నం సహించదు. కుట్టుమిషన్‌తో ఎంతసేపని మాట్లాడను?

మొదలుపెట్టాక మొదటి నుంచీ రాయాలి. పోయిన వర్షాకాలం చివర అన్నదమ్ములిద్దరూ వేటకి వెళ్ళారు. తిరిగొస్తుంటే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల కొట్టి పడవ తిరగబడింది. ఈయన ఒడ్డుకి ఈదుకొచ్చారు. మరిది ఇంకా రాలేదు. అప్పటి నుంచి ఈయనకి నోరు పెగలదు. డాక్టరు గొంతు చూసి, ఏం లేదమ్మా, అన్నీ సవ్యంగానే ఉన్నాయి అన్నాడు.

ఆ పడవ అడుగున ఓ పలక ఎప్పుడూ చెమ్మగా ఉండేది. లోపలికి కొద్దికొద్దిగా నీళ్ళు వచ్చేవి. ఇద్దరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, దాని సంగతి చూడండి అని. వింటేగా.

ఈరోజు ఆయన అన్న మాటలు: "ఉప్పు". సాయంత్రం "తలుపు".

ఫిబ్రవరి 14

ఈరోజు ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. వదినంటే ఆయనకి అక్క. దూరాన వేరే ఊళ్ళో ఉంటుంది, వాళ్ళాయన ఐస్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచాను.

"ఒరేయ్, ఇక్కడ కాపలా పని ఖాళీ ఉందిరా. మీ బావ మాట్లాడి ఉంచాడు. పొద్దస్తమానం ఆ నీళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంటే పిచ్చెక్కుద్దిరా నీకు. నెలాఖరుకి నేనే వచ్చి తీసుకెళ్తా. వస్తావా?"

"సరే" అన్నారు.

వారం మొత్తం మీద తిన్నగా వినపడిన మాట అదొక్కటి. నన్ను ఒక్క మాట అడగలేదు. ఒళ్ళు మండిపోయింది. గిన్నెలన్నీ ఎత్తి కుదేశాను. ఆయన లేచి వెళ్ళి దొడ్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నారు.

వదిన తర్వాత నాతో విడిగా, "నువ్వు కూడా వచ్చేయవే" అంది. ఎలా వెళ్తాను? ఇల్లు వదిలి ఎలా వెళ్తాను? కుట్టాల్సిన బట్టలు కుప్పలు పడి ఉన్నాయి. ఇంటికి తాళం ఉంటే, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?

నెలాఖరంటే ఏ నెలాఖరో చెప్పలేదు. మార్చి అనే అనుకుంటాను. ఈలోపు పడవ నీళ్ళలో ఉండాలి. పడవ సిద్ధంగా ఉంటే ఆయన ఎక్కడికీ వెళ్ళరు. నాకు తెలుసు కదా ఆయన సంగతి.

ఫిబ్రవరి 18

గొణుగుడు వడ్రంగి వచ్చాడు. అసలు పేరు ఏనాడో అందరూ మర్చిపోయారు. పని చేస్తున్నంతసేపూ చెక్కతో, మేకుతో, ఉలితో గొణుగుతూనే ఉంటాడు. మాట్లాడే మనిషి దొరికాడని నాకు ప్రాణం లేచొచ్చింది.

పడవ చుట్టూ తిరిగి, అక్కడా ఇక్కడా సుత్తితో కొట్టి చూసి, "వెనక చెక్క పుచ్చిపోయింది, అది మార్చాలి. ఇంజిన్ బరువు ఆగాలంటే మందపుది వెయ్యాలి. మిగతా దానికి ఢోకా లేదు" అన్నాడు.

"మరి ఈ సందులు?"

"సందులకేముందమ్మా, నూనెలో తడిపిన నార పెట్టి కొడతాను. వదులుగానే కొడతాను. నీళ్ళలోకి దించాక చెక్క తాగి ఉబ్బి అదే మూసుకుంటుంది."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా కారుద్ది. నిండా మునిగినా మునుగుద్ది. మూడు నాలుగు రోజులు అలా వదిలేసి, తర్వాత తోడుకోవడమే. నీకు తెలియనిదా?"

తెలుసు. ఎండిన పడవని ఏటి అంచున ముంచి ఉంచడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ నా పడవ మునగదు.

ఫిబ్రవరి 20

పుచ్చిన చెక్క ఊడదీశాడు. చేత్తో నలిపితే పొడిపొడి అయింది.

ఆయన గుమ్మం దాకా వచ్చి చూశారు. నిజంగా చూశారు. నాకు కనిపించాలని కాదు, పడవనే చూశారు. "ఎలా ఉందండీ?" అన్నాను. లోపలికి వెళ్ళిపోయారు. అయినా చూశారు కదా.

ఫిబ్రవరి 23

ఇంజిన్ కుదిరింది. వాడిందే. మెకానిక్ విప్పి, కడిగి, మళ్ళీ బిగించి ఇంటి ముందు నిలబెట్టి తాడు లాగమన్నాడు. నేనే లాగాను. రెండోసారికే అందుకుంది. వీధంతా పొగ. ఎదురింటావిడ ముక్కు మూసుకుని తలుపేసుకుంది. వేసుకోనీ.

లైఫ్ జాకెట్లు కూడా తెచ్చాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొట్టువాడు జతగా అయితేనే ఇస్తానన్నాడు. చిన్నది నాకనుకున్నాడు కాబోలు, "మీకు సరిపోద్దా ఆంటీ" అని ఎగాదిగా చూశాడు. నాకెందుకు, నాకు నీళ్ళంటేనే పడదు.

మరిది బక్కగా ఉంటాడు.

ఫిబ్రవరి 24

ఈరోజు ఏమీ అనలేదు. నేనే అన్నాను, ఆయన మాటలు కూడా నేనే. "కూర బాగుందా? బాగుందే. ఇంకొంచెం వెయ్యనా? వెయ్యి." అలా. ఆయన కంచం చూస్తూ తిన్నారు.

నన్ను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చినప్పుడు మరిది నిక్కర్లేసుకుని బడికెళ్ళేవాడు. వాడికి జుట్టు దువ్విందీ నేనే, చెవి మెలిపెట్టిందీ నేనే. "వదినా, నీ నోరుంటే ఇంక ఇంజిన్ ఎందుకు, నిన్నే పడవ వెనక కూర్చోబెడితే పోలా" అనేవాడు. అంటాడు.

వాడి ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టాను. పెట్టకపోతే బ్యాటరీ పాడైపోతుందట.

ఫిబ్రవరి 27

బల్లలు వేశాడు వడ్రంగి. ముందు ఒకటి, వెనక ఒకటి.

"ఇప్పుడెవరెవరు వెళ్తారమ్మా దీని మీద?" అని అడిగాడు.

"ఇద్దరు పట్టేలా చెయ్యి బాబాయ్, నీకెందుకు?" అన్నాను. ఏదో గొణిగాడు. వినపడలేదు. విననూ లేదు.

మార్చి 1

నార కొట్టడం అయిపోయింది. వదులుగానే కొట్టాడు, అన్నంత పనీ చేశాడు. వేలు పెడితే సందులో మెత్తగా లోపలికి పోతోంది. గట్టిగా కొట్టమంటే వినడే. "చెక్కకి ఊపిరి ఉండాలమ్మా. ఇరికిస్తే అది ఎటు ఉబ్బుద్ది?" అంటాడు. బకెట్ నీళ్ళు తెచ్చి లోపల పోసి చూశాను. బుడబుడమని అన్ని పక్కలా కారాయి. అక్కడే కూలబడ్డాను.

వడ్రంగి భయపడి మంచినీళ్ళు తెచ్చాడు. "ఇది మామూలే కదమ్మా, ఎందుకలా అయిపోతావు?" అన్నాడు.

నాకు చుక్క రాకూడదు. ఒక్క చుక్క కూడా.

మార్చి 3

ఫైబర్ పడవలు చేసే షెడ్డుకి వెళ్ళాను. రెండు డబ్బాల్లోది కలిపి పూస్తే రాయిలా గట్టిపడే ముద్ద ఒకటి ఉంటుంది వాళ్ళ దగ్గర. చెక్క పడవకా అని అడిగాడు అక్కడివాడు. కాదు, ఇంట్లో తొట్టికి అన్నాను.

మార్చి 4

వడ్రంగికి ఈ వారం వేరే ఊళ్ళో పని. మంచిదే అయింది.

పొద్దున్నుంచీ ఒక్కదాన్నే కూర్చుని నార అంతా పీకేశాను. ఒక్కో సందూ దబ్బనంతో శుభ్రం చేసి ఆ ముద్ద కూరాను. కుట్టులో పోగు కనపడనివ్వని చేతులు ఇవి, సందు కనపడనిస్తాయా? నడుం పట్టేసింది. గోళ్ళలో పట్టింది వదలడం లేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఆయన తనే పెట్టుకుని తిన్నట్టున్నారు, కంచం కడిగి ఉంది.

మార్చి 5

రాయిలా అయింది. సుత్తితో కొట్టి చూశాను. టంగుమంది.

మార్చి 6

రంగు కొట్టాను. పసుపు. పాతది నీలం. నీలం నీళ్ళలో కలిసిపోతుంది, దూరం నుంచి ఎవరికీ ఆనదు. పసుపైతే మైలు దూరం నుంచి కూడా, ఇది మన పడవే అని ఎవరైనా గుర్తుపట్టొచ్చు. అదీగాక మరిదికి పసుపంటే ఇష్టం.

పెద్ద ఓడలవాళ్ళు నీళ్ళలో ఎవరైనా కనిపిస్తే ఎక్కించుకుని వాళ్ళు వెళ్ళే దేశానికే తీసుకెళ్ళిపోతారట. అక్కడ కాగితాలవీ లేక ఎక్కడో ఉంచేస్తారట. తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుందట. చేపల వేలం దగ్గర ఒకాయన చెప్పాడు. ఈ సంగతి ఎదురింటావిడకీ చెప్పాను, బట్టలకొచ్చినవాళ్ళకీ చెప్పాను. అందరూ ఔనౌనంటారు. ఆయన మాత్రం ఈ మాట ఎత్తగానే లేచి వెళ్ళిపోతారు.

మార్చి 8, శనివారం

దించాం! ట్రాక్టరాయన, మెకానిక్, ఇంకో ఇద్దరు పట్టారు. ఇంటి వెనక కాలవలో గుంజకి కట్టేశాను. అడుగున పాత వార్తాపత్రిక పరిచాను. సాయంత్రం దిగి చూస్తే పత్రిక పొడిగా ఉంది. కరకరలాడుతోంది!

ఆనందం పట్టలేక లోపలికి పరిగెత్తి ఆయన భుజం పట్టి ఊపేశాను. "చుక్క లేదండీ! ఒక్క చుక్క లేదు! రండి, ఒక్కసారి కూర్చుని చూడండి."

నా మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. ఏదో అనబోయారు, పెదవులు కదిలాయి. ఇంతలో "మరిదొచ్చి చూస్తే మెచ్చుకుంటాడు కదండీ?" అనేశాను.

నోరు మూసేసుకున్నారు.

మార్చి 10

పత్రిక పొడిగా ఉంది.

మార్చి 11

పొడిగానే ఉంది. కొంచెం కిర్రుకిర్రుమంటోంది పడవ. కొత్త చెప్పులు అరిచినట్టు. సర్దుకుంటుందిలే.

మార్చి 12, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టను?

మధ్యాహ్నం మిషన్ మీద ఉన్నాను. కాలవ వైపు నుంచి ఫెళ్ళుమని చప్పుడు, మానుకొమ్మ విరిగినట్టు. వెంటనే ఇంకోటి. నేను లేచేలోపే ఆయన నా పక్క నుంచి పరిగెత్తారు. ఆ మనిషి పరిగెత్తడం చూసి ఎన్నాళ్ళయింది! చెప్పులు కూడా లేవు.

నేను వెళ్ళేసరికి ఆయన రొమ్ములోతు నీళ్ళలో ఉన్నారు. పడవలో పక్కటెముకల్లాంటి వంపు చెక్కలు ఉంటాయి కదా, వాటిలో రెండు విరిగి పైకి లేచాయి. ఒక పలక మేకులతో సహా ఊడి బయటికి వచ్చేసింది. దాంట్లోంచి నీళ్ళు ధారగా లోపలికి. పత్రిక తేలుతోంది. ఆయన పడవకి భుజం ఆనించి గట్టు వైపు తోస్తున్నారు. నేను కూడా దిగి తోశాను. లోతు తక్కువ చోటికి వచ్చాక అది కూర్చుండిపోయింది.

ఆయన సందుల్లో వేలు పెట్టి చూశారు. గోటితో గీకారు. తర్వాత మొదలైంది.

"బుద్ధుందా నీకు? బుద్ధుందా అని! ఏం పూశావ్ దీనికి? చెక్క అన్నాక ఉబ్బదా? ఉబ్బితే ఎక్కడికి పోద్ది, నీ నెత్తి మీదికా? పడవల ఇంట్లో పుట్టి పడవల ఇంటికొచ్చావ్, చిన్నపిల్లని అడిగినా చెప్పుద్ది! ఆ ముసలాడు నార కొడితే పీకేస్తావా? అంత తెలివైనదానివా?"

ఎంత తిట్టారో! ఎన్ని మాటలో! గొంతు బొంగురుపోయి ఉంది, తుప్పు పట్టిన గడియ లాగినట్టు. కాలవ అవతల బట్టలుతికేవాళ్ళు చేతులాపి చూస్తున్నారు. నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వుతున్నాను. కళ్ళ వెంట నీళ్ళు, మూతి మీద నవ్వు. మాట వచ్చింది, దేవుడా, మాట వచ్చింది అనుకుంటున్నాను.

"నవ్వుతావేంటి?" అన్నారు.

"తిట్టండి. ఇంకా తిట్టండి" అన్నాను. "చుక్క నీరు రాకూడదని చేశానండి. మీరు మళ్ళీ వెళ్ళాలని. ఆ పాత పడవ కారబట్టే కదా..."

"కారడం వల్ల కాదే!" అని అరిచారు.

తర్వాత అరవలేదు. పడవ అంచు పట్టుకుని, నా వైపు చూడకుండా, ఆగి ఆగి చెప్పారు. అవి ఆయన మాటల్లోనే రాస్తాను, ఒక్కటి కూడా మార్చను.

"పడవకేం కాలేదు. అల వచ్చింది, తిరగబడింది. ఎంత మంచి పడవైనా తిరగబడేదే. వాడి చెయ్యి దొరికింది నాకు. పట్టుకున్నా. జారిపోయింది. మళ్ళీ దొరకలేదు. వాడు మునిగిపోవడం చూశాను నేను. ఈ రెండు కళ్ళతో చూశాను. ఏ ఓడా రాలేదు. ఎవరూ ఎక్కించుకోలేదు."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా? ఒడ్డుకొచ్చేసరికి ఎదురొచ్చి, 'వాడికి ఈత వచ్చుగా, ఈదేస్తాడుగా' అన్నావ్. ఔనన్నాను. మర్నాడు ఓడ అన్నావ్. ఊరందరికీ చెప్పావ్. ఇంట్లో నేనేం మాట్లాడదామన్నా ఆ ఒక్క మాటే నోటికొచ్చేది. వాడు రాడే, అని. అది అనలేక నోరు మూసుకున్నా."

నేనేమన్నానో గుర్తులేదు. ఏదో అన్నాను. మీకు మాట పోయిందనుకున్నాను అన్నానేమో.

"ఈ పడవ ఎవరి కోసం చేయించావ్? నేను ఎక్కనని నీకు తెలియదా? నువ్వు ఎదురుచూసేది వాడి కోసం. ఇంట్లో ఉన్నోడు ఉంటే ఎంత, పోతే ఎంత? అందుకే అక్క రమ్మంటే సరేనన్నా."

మార్చి 13

ఈరోజు నేను ఏమీ మాట్లాడలేదు.

మార్చి 14

ఆయన అన్నారు: "అన్నం పెట్టనా?" "మిషన్ ఆపేశావేం?" "దీపం వెయ్యనా?" "ఏదో ఒకటి అనవే."

నేనేమీ అనలేదు.

మార్చి 15

నాకు ఆయన మీద కోపం. పట్టరాని కోపం. చూశారట. చూసి, నేను ఫోన్‌కి ఛార్జింగ్ పెడుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేశారు. ఎదురింటావిడ ఔనౌననడం గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందరికీ తెలుసు. పాలవాడికి కూడా తెలుసు. ట్రాక్టరాయనకీ తెలుసు. కొట్టువాడికి తెలియదేమో, వాడు కొత్తవాడు.

చెయ్యి పట్టుకున్నారట. ఇంకా గట్టిగా పట్టుకోవాల్సింది. ఇలా రాస్తున్నానంటే నేనెంత పాపిష్టిదాన్నో. ఆయనకీ ఇదే మాట రోజూ తోస్తుంటుంది. ఆయన నాకంటే ముందే అనుకుని ఉంటారు.

మార్చి 17

వడ్రంగి తిరిగొచ్చాడు. పడవని చూసి, నన్ను చూసి, ఏమీ అనలేదు. గొణగలేదు కూడా. ఇంతకన్నా తిట్టినా బాగుండేది.

ఆయనా, వడ్రంగీ కలిసి ఉలి పెట్టి ఆ రాయి ముద్దని ముక్కముక్కలుగా చెక్కడం మొదలుపెట్టారు. టకటకటక, రోజంతా. వడ్రంగికి తోడు ఆయన కూడా గొణుగుతున్నారు. గొణుగుడు కాదు, మాటలే. చెక్క గురించి, మేకుల గురించి. నేను లోపల కూర్చుని వింటున్నాను. ఎన్ని నెలలు ఆ గొంతు కోసం చెవులు రిక్కించానో. ఇప్పుడు వినపడుతుంటే దుప్పటి కప్పుకోవాలనిపిస్తోంది.

మార్చి 19

ఆయన లోపలికొచ్చి మిషన్ పక్కన కింద కూర్చున్నారు. చేతుల నిండా పసుపు రంగు పెచ్చులు.

"వంపు చెక్కలు రెండూ మార్చాం. నార కొట్టేశాం" అన్నారు.

"ఎక్కరు కదా, ఎందుకు చేస్తున్నారు?" అన్నాను. ఆ రోజు తర్వాత నేను నోరు విప్పడం ఇదే.

"నువ్వు చేయించావ్ కదా. సగంలో వదిలేస్తే ఎలా?"

ఇంకేదో చెప్పాలని కూర్చున్నారు. నేను బట్ట కింద బట్ట పెట్టి కుడుతూనే ఉన్నాను. చివరికి లేచి వెళ్ళిపోయారు. ఏం కుట్టానా అని చూసుకుంటే జాకెట్ చేతులు రెండూ కలిపి కుట్టేశాను. విప్పడానికి సాయంత్రం దాకా పట్టింది.

మార్చి 22

మళ్ళీ దించారు. ఈసారి కారింది. బాగా కారింది. సాయంత్రానికి అంచుల దాకా మునిగింది, ముందు కొన, ఇంజిన్ పెట్టే చెక్క, అంతే పైకి. గట్టు మీద కూర్చుని అది మునిగినంతసేపూ చూశాను. నా వల్ల కాదనుకున్నాను. అయినా చూశాను.

మార్చి 23

మునిగే ఉంది.

మార్చి 24

మునిగే ఉంది. ఆయన వచ్చి గట్టు మీద నా పక్కన కూర్చున్నారు, కొంచెం ఎడంగా. "వాడు చిన్నప్పుడు ఇలా ముంచిన పడవలోనే ఈత నేర్చుకున్నాడు" అన్నారు.

"తెలుసు. అప్పుడు ఈ గట్టు మీద బెత్తం పట్టుకుని నిలబడింది నేనే" అన్నాను.

మార్చి 26

వదిన వచ్చింది. ఆయనకి ఓ చొక్కా, నాకు ఓ చీర, ఇద్దరికీ సరిపడా చీవాట్లు తెచ్చింది. ఆయన "రా అక్కా, కూర్చో" అనేసరికి సంచి వదిలేసి అలాగే గుడ్లప్పగించి చూసింది. తర్వాత తమ్ముడి మెడ పట్టుకుని బావురుమంది.

అన్నాలయ్యాక, "రేపు పొద్దుటి బస్సుకి వెళ్దామా మరి?" అంది.

"నేను రాను" అన్నారు. "ఇది వస్తే వస్తా. ఇది రానంటే ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటా."

వదిన నా వైపు తిరిగింది. "ఏమే? దేనికోసమే ఇంకా ఈ ఇల్లు పట్టుకుని?" అని, మాట మధ్యలోనే నాలుక కరుచుకుంది. పాపం, ఆవిడకి కూడా అలవాటైపోయింది నా ముందు మాట మింగడం.

నేను లేచి కంచాలు తీశాను. సమాధానం తెలిస్తే కదా చెప్పడానికి.

మార్చి 27

వదిన ఒక్కతే వెళ్ళింది. బస్సు దాకా వెళ్ళి వచ్చాం. దారిలో "ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళండి" అన్నాను.

ఎక్కడికి అని అడగలేదు. చాలా దూరం నడిచాక, "ఒక్కసారే. తర్వాత ఎక్కను" అన్నారు.

మార్చి 29, శనివారం

పొద్దున్నే వెళ్ళాం. నీళ్ళు తోడేసి, ఇంజిన్ బిగించి, ఆయన వెనక, నేను ముందు. ఎక్కేటప్పుడు ఆయన మొహాన నెత్తురు చుక్క లేదు. నేను చూడనట్టు ఊరుకున్నాను. పెద్ద జాకెట్ నాకు తొడిగి తాళ్ళు బిగించారు, ఊపిరాడనంతగా. చిన్నది ఆయనకి పట్టలేదు, ఊరికే మెడకి తగిలించుకున్నారు. సందుల్లోంచి ఇంకా కొద్దిగా ఊరుతోంది. రేపో ఎల్లుండో ఆగిపోతుందన్నాడు వడ్రంగి.

మొగ దాటీ దాటకముందే ఇంజిన్ ఆపేశారు.

"ఇక్కడే."

చూశాను. ఏముంటుందనుకున్నానో. నీళ్ళు. అటు చూసినా నీళ్ళు, ఇటు చూసినా నీళ్ళు. ఒక గుర్తు లేదు, గుంజ లేదు. ఇది అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేదు.

"ఏ వైపు?"

"అటు."

"ఏమన్నా అన్నాడా?"

"'అన్నయ్యా' అన్నాడు. అంతే."

"వదినా అనలేదా?"

"లేదే."

"అబద్ధమైనా చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"ఇంక చెప్పను" అన్నారు.

అప్పుడొచ్చింది ఏడుపు. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే వాడు లేనట్టే అవుతుందని ఏడవలేదు. అక్కడ వినేవాళ్ళెవరు? వాడిని నోరారా పిలిచి, తిట్టి, చెవి మెలిపెడతాను రారా అని అరిచి అరిచి ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చారు, నా చెంగు అడిగి తీసుకుని మొహం మీద వేసుకుని. పడవ తిరుగుతూ తిరుగుతూ ఎటో పోతోంది. అడుగున నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా, డబ్బా తీసుకుని తోడటం మొదలుపెట్టాను. ఇంటికి వచ్చేదాకా తోడుతూనే ఉన్నాను.

ఇప్పుడు సాయంత్రం. ఆయన పడుకున్నారు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ముగ్గురు మసలిన ఇల్లు. ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ తెలియలేదు.

మా మరిది చనిపోయాడు. పోయిన వర్షాకాలం చివర, మొగ దగ్గర.

రేపు పొద్దున్నే వదినకి ఫోన్ చేసి చెప్తాను. ఎదురింటికి వెళ్ళి ఆవిడకి చెప్తాను. వడ్రంగికి, వేలం దగ్గర ఆయనకి, బట్టలకొచ్చేవాళ్ళకి, అందరికీ చెప్తాను. వాళ్ళందరికీ ఎప్పుడో తెలుసు. నేను ఎప్పుడు చెప్తానా అని ఇన్నాళ్ళూ చూస్తున్నారు, పాపం.